పిల్లలకు చూపే గోదావరి: ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగి, చదువుకో ఉద్యోగానికో అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు వెళ్లి అక్కడే కాపురాలు పెట్టినవాళ్లు, పిల్లలకు కాస్త ఊహ వచ్చాక వాళ్లను వెంటబెట్టుకుని ఊరికి వస్తారు. తల్లికో తండ్రికో ఇది తమ చోటికి తిరిగి రావడం. పిల్లలకు మాత్రం విదేశయాత్ర. వాళ్లలో చాలామంది పాస్‌పోర్టు మరో దేశానిది. ప్రతిసారీ వీసా కోసం తిరగకుండా 2005లో వచ్చిన ఓసీఐ కార్డు చేతిలో ఉంటుంది. ఒకే కారులో ఒకే కిటికీలోంచి చూస్తున్నా ఇద్దరికీ కనిపించేది ఒకటి కాదు. అమెరికా నుంచి తాతగారింటికి వచ్చిన అమ్మాయి కథతో ‘సీతారామయ్యగారి మనవరాలు’ సినిమా 1991లో వచ్చింది. అప్పటికే ఈ జిల్లాల్లో అలాంటి రాకలు కొత్త కాదు. ఇప్పుడైతే ఊరూరా ఉన్నాయి.

సెలవుల్లో పెళ్లిళ్లూ పరామర్శలూ బ్యాంకు పనులూ పోగా ఊళ్లు చూపించడానికి మిగిలేవి కొద్ది రోజులే. ఆ రోజుల్ని పెద్దవాళ్ల జ్ఞాపకాల వరసలో వాడితే పిల్లలకు దక్కేవి విడివిడి బొమ్మలు: ఒక బడి, ఒక గుడి, ఒక చెరువుగట్టు. నీళ్లు పారే వరసలో వాడితే డెల్టా ఎలా బతుకుతోందో వాళ్లకే తెలిసిపోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి, కాలవ వెంట కోనసీమలోకి దిగి, అంతర్వేదిలో సముద్రం చూసి, పంటు మీద వశిష్ఠ దాటి నరసాపురం చేరే దారి ఇందుకు అన్నిటికన్నా బాగుంటుంది.

ఏ గోదావరి కనిపిస్తుందన్నది పిల్లల బడి సెలవుల చేతిలో ఉంటుంది. అమెరికా బడులకు జూన్ నుంచి ఆగస్టు దాకా సెలవులు. జూన్ మొదట్లో దిగినవాళ్లకు అడుగంటిన కాలవలే ఎదురుకావచ్చు. దాళ్వా పంట ఇంటికి చేరాక మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. సార్వాకి మళ్లీ నీళ్లు వదిలేది ఇంచుమించు అప్పుడే. జూలై, ఆగస్టుల్లో వస్తే ఎర్రనీరు, ఊడ్పులు, పులస. సముద్రంలోంచి వరదకు ఎదురీదుకుంటూ వచ్చే ఆ చేప కోసం పుస్తెలైనా అమ్మొచ్చన్న సామెత ఇక్కడ అందరి నోటా ఉంటుంది. అమెరికా క్రిస్మస్ సెలవులు జనవరి మొదట్లోనే అయిపోతాయి. అంటే సంక్రాంతికి ఇల్లు అలుకుతుండగా విమానం ఎక్కాలి. ఆస్ట్రేలియా పిల్లలు అదృష్టవంతులు. వాళ్ల వేసవి సెలవులు డిసెంబరులో మొదలై జనవరి చివరిదాకా ఉంటాయి కాబట్టి భోగి నుంచి ముక్కనుమ దాకా పండగంతా వాళ్లదే. గల్ఫ్‌లో, బ్రిటన్‌లో చదివేవాళ్లకు వరద రోజులే గతి. ఆ రోజుల్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు. గోదావరి గోదావరిలా ఉండేది అప్పుడే.

హైదరాబాద్‌లో దిగి విమానం మారితే మధురపూడి విమానాశ్రయం గంట ప్రయాణం. పిల్లలతో మొదటిసారి వచ్చేవాళ్లకు రాత్రి రైలు మేలు. తెల్లవారుజామున కొవ్వూరు దాటగానే రైలు చప్పుడు మారుతుంది. పెద్దవాళ్లు నిద్రలోనే ఆ చప్పుడు పట్టి లేచి కూర్చుంటారు. కింద నీళ్లు, పైన ఇనుము. పక్క బెర్తు ముసలమ్మ కిటికీలోంచి నదిలోకి రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెడుతుంది. ఇక్కడ రైలు వంతెనలు 3 ఉన్నాయి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 1997 దాకా రైళ్లను మోసి ఇప్పుడు ఊరికే నిలబడి ఉంది. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీద పైన బస్సులూ కింద రైళ్లూ నడుస్తాయి. మూడోది 1997 నాటి ఆర్చి వంతెన. రాజమండ్రి బొమ్మ అంటే నేటి పిల్లలు గీసేది దాన్నే. 1980ల్లో రాజమండ్రిలో కాలేజీ చదివిన తండ్రి చెప్పే వంతెన, కొడుకు ఫొటో తీసుకునే వంతెన ఒకటి కాదని ముందే చెప్పడం మంచిది.

రాజమండ్రికి 2015లో రాజమహేంద్రవరం అన్న పాత పేరు అధికారికంగా తిరిగి వచ్చింది. రాజరాజ నరేంద్రుడు, నన్నయ, కందుకూరి వీరేశలింగం పుట్టిన ఇల్లు, గౌతమీ గ్రంథాలయం, పుష్కరఘాట్: పెద్దవాళ్లు చూపించాలనుకునే జాబితా పొడుగు. అన్నీ ఒక పూటలో తిప్పితే పిల్లలకు ఒక్కటీ మిగలదు. ఒక్కదానికే వేళ ఉంటే దామెర్ల రామారావు చిత్రశాల ఎంచుకోవాలి. 1897లో పుట్టి 1925లో, నిండా 30 ఏళ్లు రాకముందే చనిపోయిన ఆ చిత్రకారుడి బొమ్మల్లో ఈ ప్రాంతపు మనుషులు, ఒంటి రంగుతో సహా ఉన్నారు. తన పోలికలున్న మొహాన్ని గోడమీది తైలవర్ణంలో చూడటం పరదేశంలో పెరిగే పిల్లలకు తరచూ దొరికే అనుభవం కాదు. పుష్కరఘాట్‌కు సాయంత్రం వెళ్లాలి. 2015 పుష్కరాల తొలిరోజు ఆ మెట్ల మీద తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. తరవాతి పుష్కరాలు 2027లో. ఆ రోజుల్లో చిన్నపిల్లలతో ఈ యాత్ర పెట్టుకోకపోవడమే మంచిది. పుష్కర స్నానం వేరు, ఊరు చూపించడం వేరు.

ఊరికి దక్షిణాన ఆరేడు కిలోమీటర్ల దూరంలో ధవళేశ్వరం. డెల్టా ఇక్కడే మొదలవుతుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసే నది, ఆఖరి మజిలీలో ఇక్కడ గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. వశిష్ఠ నుంచి తరవాత వైనతేయ చీలుతుంది. గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్న నేల కోనసీమ. 2022లో అది జిల్లా అయింది. 1830ల్లో ఈ సీమ కరువుతో అల్లాడింది, 1839లో కోరంగి వైపు తుపాను ఉప్పెన ముంచేసింది. నది నిండా నీరు సముద్రంలోకి పోతుంటే గట్టు మీద మనుషులు ఆకలితో చచ్చిపోతున్నారని కంపెనీ దొరలకు నచ్చజెప్పి, ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కు అది పూర్తయింది. రాయి ధవళేశ్వరం కొండదే. వేలమంది కూలీలను కూడగట్టి పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు కూడా పిల్లలకు చెప్పాలి. విగ్రహం దొరది, బుట్టలు మోసినవాళ్లు ఈ ఊళ్లవాళ్లు.

బ్రిటన్‌లో పెరిగే పిల్లలకు ఈ చోటు పెద్ద ఆశ్చర్యం. వాళ్లలో ఎక్కువమంది పేరైనా వినని ఒక ఇంగ్లిషు ఇంజనీరుకు ఈ పల్లెల్లో ఊరూరా గుర్రం మీది విగ్రహాలున్నాయి. మే 15న ఆయన పుట్టినరోజుకు రైతులు దండలు వేస్తారు. భగీరథుడితో పోలుస్తారు. దొరల పాలనను తిట్టిన నోటితోనే కాటన్ దొరకు దణ్ణం పెట్టడం ఎలా కుదురుతుందని పిల్లలు అడుగుతారు. అడగనివ్వాలి. కంపెనీకి కావలసింది శిస్తు, రైతుకు కావలసింది నీరు. ఆ రెండూ ఒకే గట్టు మీద కలిశాయి. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో అప్పటి పనిముట్లూ నమూనాలూ ఉన్నాయి. మాటల్లో చెప్పలేనిది అక్కడ చూపించవచ్చు.

ఇప్పుడున్నది పాత ఆనకట్ట కాదు, 1970ల్లో మొదలై 1982కు పూర్తయిన బ్యారేజి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని 4 భాగాలు, 175 గేట్లు. దీని కింద సాగయ్యేది సుమారు 10 లక్షల ఎకరాలు. వరద రోజుల్లో ఇక్కడి నీటిమట్టం రాష్ట్రమంతా వినే వార్త: 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులకు పైగా ఇక్కడి నుంచి దిగింది, గట్లు తెగి ఊళ్లు మునిగాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1986లో చిన్నపిల్లగా మేడ మీదో బడి మీదో రాత్రి గడిపిన తల్లి, ఆ మాట తన కూతురికి చెప్పవలసిన చోటు ఇదే. గేట్ల కింద నురగలు కక్కుతున్న నీళ్ల ముందు నిలబెట్టి చెబితే ఆ లెక్కలు పిల్లలకు ఎక్కుతాయి.

బ్యారేజి మీది రోడ్డున బొబ్బర్లంక వైపు దాటితే మధ్య డెల్టా. ఇక కాలవ పక్కనే ప్రయాణం. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల్లో బండి ఆపాలి. సినిమాల్లో పాటలకు వాడుకున్న చోటు కాబట్టి పెద్దవాళ్లు ఫొటోలకు ఆగుతారు, లాకు ఏం చేస్తుందో మాత్రం చెప్పరు. చెప్పడం తేలికే. ఎగువ కాలవ మట్టం ఎక్కువ, దిగువది తక్కువ. పడవ రెండు తలుపుల నడుమ తొట్టిలాంటి చోటికి వస్తుంది. వెనక తలుపు మూసి, తొట్టిలో నీటిని మెల్లగా దిగువకు వదిలితే పడవ నీటితోపాటే దిగుతుంది. మట్టాలు సమానం కాగానే ముందు తలుపు తెరుస్తారు. లారీలు రాకముందు ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్లివారు అందరూ ఇలాగే దిగారు, ఎక్కారు. గోదావరి కాలవలు ఏలూరు దగ్గర కృష్ణా కాలవల్ని, అవి దక్షిణాన బకింగ్‌హామ్ కాలవను కలుస్తాయి. కాకినాడలో ఎక్కించిన సరుకు మద్రాసు దాకా పడవ మీదే పోయేది. ఇంగ్లండులోనో హాలెండులోనో కాలవల్లో విహార పడవలు ఎక్కిన పిల్లలకు ఈ తలుపుల పని ఇట్టే తెలిసిపోతుంది. అక్కడి లాకులు ఇంకా పడవల్ని దించుతున్నాయి. ఇక్కడి పడవలు పోయాయి, లాకులు నీళ్లను మాత్రం పంచుతున్నాయి.

ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణాలు రోడ్డు పొడుగునా ఉంటాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టె కొనుక్కుని వెళ్లిపోవడం కాకుండా, రేకు తీసే ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లాలి. మర్యాదగా అడిగితే కాదనరు. బోర్లించిన కుండ, అడుగున కొబ్బరాకు మంట. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి పాలలా పలచగా ఉంటుంది. ఒక చిన్న గుడ్డను అందులో ముంచి, రెండు చేతులా చెంగులు పట్టుకుని, కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతుంది ఆవిడ. గుడ్డ పోయిన చోట పిండి పొర మిగులుతుంది, తడి ఆరుతూనే అంచు లేస్తుంది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పక్కన దొంతరలో పెట్టేలోగా రెండో చేయి మళ్లీ పిండిలో ఉంటుంది. వెలుగుకు పట్టి చూస్తే రేకు అవతల మనిషి కనిపిస్తాడు. చుట్టడం మరొకరి పని: తడి బట్టతో రేకును మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి మడత పెట్టడం. “ఓ రేకు తీస్తారా బాబూ, చెయ్యి కాల్చుకోకండేం” అని పదేళ్ల పిల్లాణ్ణి కూడా ‘అండి’ కలిపి పిలిచే ఊరు ఇది. ఆ వయసు పిల్లాడు అంత మర్యాద మరెక్కడా పొంది ఉండడు. రేకు మాత్రం రాదు. మొదటిసారి ఎవరికీ రాదు.

దగ్గరే ర్యాలి. ఒకే రాతిలో ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని ఉన్న విగ్రహం ఇక్కడిది. అర్చకులు దీపం చూపిస్తూ వెనక జడ, కాలి మీది మచ్చ దాకా వివరిస్తారు. గుళ్లంటే విసుగుపడే పిల్లలు కూడా ఇక్కడ విగ్రహం చుట్టూ తిరిగి చూస్తారు.

రావులపాలెం దాటాక కొబ్బరి దట్టమవుతుంది. సినిమాల్లో చూసిన పచ్చదనమే కదా అని పిల్లలు ఊరుకుంటారు. ఆ తోట ఒక కార్ఖానా అని చూపించాలంటే దింపు జరిగే చోటికి వెళ్లాలి. దింపు కార్మికుడు చెట్టెక్కి కాయలు కోసి దించుతాడు. కింద నేలలో నిలబెట్టిన గునపం మీద మరొకతను కాయను మూడు పోట్లలో ఒలిచేస్తాడు. ఎగుమతి కాయ వేరు, కురిడీ కాయ వేరు. కురిడీ కోసం కాయల్ని అటక మీద నెలల తరబడి ఉంచుతారు, లోపలి నీరు ఇంకి కొబ్బరి చిప్ప నుంచి విడిపోయి గలగల మోగుతుంది. ఆ మోత విని ధర కట్టగలవాళ్లు అంబాజీపేట మార్కెట్లో ఉన్నారు. తోటల లాభం మాత్రం అటుఇటుగానే ఉంటుంది. వరి సంగతీ అంతే. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక సార్వా పంటకు విరామం ప్రకటించారు. పచ్చగా కనిపించే నేలంతా సుఖంగా ఉన్నట్టు కాదని పిల్లలకు తెలియాలి. తమ తల్లిదండ్రులు ఇంత అందమైన ఊరు ఎందుకు విడిచి వెళ్లారన్న ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడుంది.

జనవరిలో వచ్చినవాళ్లు కనుమ నాడు జగ్గన్నతోట వదలకూడదు. 11 ఊళ్ల రుద్రులు ప్రభల మీద ఆ కొబ్బరితోటకు చేరతారు. గుడి లేదు, గోపురం లేదు. వెదుళ్లూ రంగు బట్టలూ నెమలి పింఛాలతో కట్టిన ఎత్తయిన ప్రభల్ని ఊరి మగవాళ్లు భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు మధ్యలో కౌశిక కాలవను దాటాలి. రొమ్ముల లోతు నీళ్లలో, వంగకుండా, తడవకుండా. గట్టున జనం అరుపులతో ఊగిపోతుంటే ఆ నిలువు ప్రభ నీళ్ల మీద మెల్లగా కదలడం చూశాక, పండగ అంటే ఏమిటని మళ్లీ ఎవరూ వివరించనక్కర్లేదు. 2023 గణతంత్ర దినాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థాన్నే చూపించింది.

అక్కడి నుంచి పి.గన్నవరం. పెద్దవాళ్లలో చాలామంది ఈ అక్విడక్టు మీదుగా వందసార్లు బస్సులో వెళ్లి ఉంటారు, దిగి చూసి ఉండరు. కింద వైనతేయ పాయ పారుతోంది. దాని మీదుగా, తొట్టి కట్టిన వంతెనలో, కాలవ పారుతోంది. నది మీద నది. కాటన్ కాలంలో, 1850ల్లో కట్టిన కమానుల వంతెన ఒకటి పక్కనే ఉంది, దాని పని ఇప్పుడు కొత్తది చేస్తోంది. ఈ కాలవ దాటకపోతే అవతలి రాజోలు సీమకు తీపినీరు లేదు. మూడు వైపులా నీళ్లున్నా ఉప్పు తగిలే నేల అది. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆ ఇల్లాలు లంకల గన్నవరంలో, వేళకాని వేళ రేవు దాటి వచ్చినవాళ్లకు కులం అడగకుండా అన్నం పెట్టింది. అప్పట్లో నది దాటాలంటే పడవ కోసం ఎదురుచూపులు. ఆకలి ప్రయాణంలో భాగం. వంతెన, అన్నదాత పేరు ఒక్కచోట కలవడం ఈ సీమ చేసిన మంచి పనుల్లో ఒకటి. డెల్టాలో పిల్లలకు చూపించవలసినవాటిలో మొదటిది ఏదంటే తడుముకోకుండా చెప్పగలిగింది ఈ అక్విడక్టే.

ఇక సొంత ఊరు. అది ముంగండ కావచ్చు, లక్కవరం కావచ్చు, ఏ లంక గ్రామమో కావచ్చు. బండి దిగగానే అరుగు మీది పెద్దాయన అడిగేది పేరు కాదు. “ఎవరి తాలూకండీ?” తండ్రి చెప్పేది కూడా తన పేరు కాదు. “ఆయ్, ఫలానా మాస్టారి మనవడండీ వీడు.” ఆ మాటతో పిల్లాడికి ఊళ్లో చోటు దొరుకుతుంది. అప్పటిదాకా ఎవరికీ తెలియనివాడు, మరు నిమిషంలో నలుగురు అత్తయ్యల మధ్య కూర్చుని తేగలు ఒలుస్తుంటాడు. ఇల్లు మాత్రం చాలాచోట్ల ఉండదు. నడుమ వాన పడే మండువా లోగిళ్లు పడగొట్టి స్లాబులు వేశారు. కొన్ని తాళాలతో కూలిపోతున్నాయి. వరి చేలు కొన్ని రొయ్యల చెరువులయ్యాయి, రాత్రుళ్లు నీటిలో చక్రాలు తిరుగుతుంటాయి. తల్లిదండ్రులు ఇక్కడ నిరాశ పడతారు. పిల్లలు పడరు, ఎందుకంటే వాళ్లు దేన్నీ పోల్చుకోవడం లేదు. ఆ తేడాను గౌరవించాలి. లేని ఇంటి గురించి గంటసేపు చెప్పడం కన్నా, ఉన్న బావిలో చేద వేయనివ్వడం మేలు.

ఇప్పుడు నలభైల్లో ఉన్న తల్లిదండ్రులకు రెండు జ్ఞాపకాలు గట్టిగా ఉంటాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి చీకటి పడలేదు. 1996 నవంబరు 6 రాత్రి పెనుతుపాను వచ్చింది. వెయ్యిమందికి పైగా పోయారు, వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరి చెట్లు తోటలకు తోటలే పడిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ ఇళ్లలో అప్పులయ్యాయి. ఆ తరవాతే చాలా కుటుంబాలు పిల్లల్ని చదువుల కోసం హైదరాబాద్‌కూ, అక్కడి నుంచి విదేశాలకూ పంపడానికి తెగించాయి. ఇవి చెప్పకుండా కొబ్బరి నీళ్లూ గోదావరి గాలీ మాత్రమే చూపిస్తే పిల్లలకు సగం ఊరే చూపించినట్టు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ఊళ్లలో ఇదే యాత్ర తిరగబడి కనిపిస్తుంది. ఇక్కడి నుంచీ నరసాపురం వైపు నుంచీ ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లారు. వాళ్ల పిల్లలు విదేశంలో పెరగలేదు. అమ్మమ్మల దగ్గర ఇక్కడే పెరిగారు, అమ్మను ఫోన్లో చూస్తూ. సెలవు మీద ఇంటికొచ్చిన తల్లి తన ఊరిని బిడ్డకు చూపించదు. బిడ్డే తల్లికి చూపిస్తుంది: కొత్త వంతెన, బడిలో తన బెంచీ, అమ్మ పంపిన డబ్బుతో లేచిన గోడ. అమెరికా నుంచి వచ్చిన కుటుంబమూ కువైట్ నుంచి వచ్చిన తల్లీ ఒకే గుడి ముందు ఒకే బండి దగ్గర చెరకురసం తాగుతూ కనిపిస్తారు. ప్రవాసం అనగానే మొదటివాళ్ల గురించే రాయడం అలవాటైపోయింది. డెల్టాలో ఇంటి కోసం దూరం వెళ్లినవాళ్లలో ఎక్కువ మూల్యం చెల్లించినవాళ్లు ఈ తల్లులు.

అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘమాసంలో, భీష్మ ఏకాదశి వేళ. 2020 సెప్టెంబరులో స్వామి రథం కాలిపోతే కొన్ని నెలల్లోనే కొత్త రథం చేయించారు. గుడి చూశాక లైట్‌హౌస్ దాటి అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాలి. ఒక పక్క నది నీరు మట్టిరంగులో, మరో పక్క సముద్రం. లాకుల దగ్గర, అక్విడక్టు మీద చూసిన నీరు ఇదేనని పిల్లలకు గుర్తుచేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇక్కడ స్నానానికి స్థానికులు చూపించిన చోటే దిగాలి, నది కలిసే చోట లాగుడు ఎక్కువ.

కోనసీమ చుట్టూ ఒకప్పుడు రేవులే. గౌతమి మీద ఎదుర్లంక, యానాం వంతెన 2002లో వచ్చింది, దానికి బాలయోగి పేరు. వశిష్ఠ మీద చించినాడ వంతెన వచ్చింది. సఖినేటిపల్లి, నరసాపురం నడుమ మాత్రం ఇంకా పంటే దిక్కు. బైకులు, కార్లు, కూరగాయల బుట్టలు, బడి పిల్లలు, పెళ్లికూతురు అందరూ ఒకే చెక్కల మీద. చుక్కానివాడు ప్రవాహానికి కాస్త ఎగువకు పట్టి వదిలితే పంటు ఏటవాలుగా వచ్చి అవతలి రేవుకు సరిగ్గా ఆనుకుంటుంది. యాత్ర మొత్తంలో తల్లిదండ్రుల చిన్నతనమూ పిల్లల వర్తమానమూ ఒకేలా ఉండే చోటు ఇదొక్కటే. అందుకే ఇక్కడ వాళ్లు తక్కువ మాట్లాడతారు, పిల్లలు ఎక్కువ చూస్తారు.

నరసాపురంలో దిగితే లేసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల కుటుంబాలు నేర్పిన ఈ అల్లిక చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల చేతుల్లో బతుకుతోంది. వసారాలో కూర్చుని, కొక్కెం సూదితో, కళ్లు ఎత్తకుండా మాట్లాడుతూనే అల్లుతారు. సరుకు చాలావరకు విదేశాలకే. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వీళ్ల గురించి 1982లో ఒక పుస్తకమే రాసింది: ప్రపంచ మార్కెట్‌కు పనిచేస్తున్నా వీళ్లను పనివాళ్లుగా లెక్కించరని, ఖాళీ వేళల్లో ఏదో చేసుకునే ఇల్లాళ్లుగానే చూస్తారని ఆమె చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తాము ఉండే ఊళ్లో దుకాణం అద్దం వెనక వేలాడే టేబులు గుడ్డ ఈ వసారాలో పుట్టి ఉండవచ్చని తెలిస్తే పిల్లలు ఆ సూదిని చేతిలోకి తీసుకుని చూస్తారు. కొనదలిస్తే అల్లినావిడ దగ్గరే, అడిగిన ధరకే కొనాలి.

నరసాపురం నుంచి హైదరాబాద్‌కు రాత్రి రైలుంది. రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతి తిరుగు ప్రయాణానికైతే తెరిచిన రోజు ఉదయమే టికెట్లు తీసుకోవాలి. యాత్రకు కనీసం నాలుగు రోజులు విడిగా పెట్టుకోండి, మధ్యలో చుట్టాల భోజనాలు ఒప్పుకోకండి. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో పంటు తిరగదు కాబట్టి, జూలై, ఆగస్టుల్లో వచ్చేవారు చించినాడ మీదుగా నరసాపురం చేరే ఏర్పాటు కూడా చేసుకుని బయల్దేరండి.